రైఫిలుకు హంగులు – అవసరమా, ఆడంబరమా?

"ఆడలేక మద్దెల ఓడు" అన్నది తెలుగువారి సామెత. "నాచ్ న జానే ఆంగన్ టేఢా" అన్నది ఉర్దూ మాట్లాడేవారి సామెత. ఒకరు మద్దెలను నిందించారు, మరొకరు ముంగిలిని నిందించారు. భావం మాత్రం ఒక్కటే. చేతగానివాడు పనిముట్టును తప్పుపడతాడని రెండు భాషల పెద్దలూ ఏనాడో తీర్మానించారు. మా కళాశాలలో ఈ రెండు భాషలూ పక్కపక్క గదులలో వినిపిస్తుంటాయి కనుక, ఈ తీర్మానం మా విద్యార్థులకు రెండు చెవులలోనూ పడుతూనే ఉంటుంది. అయితే మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు ఉండవా? ముంగిలి నిజంగానే వంకరగా ఉంటే ఆడేవారు ఏమి చేయాలి? ఈ ప్రశ్న మాకు తెలుగు తరగతిలో ఎదురుకాలేదు. రైఫిలు అభ్యాసస్థలంలో ఎదురైంది.

మేము సాహిత్యం బోధించేవారమే గాని ఆయుధశాస్త్రం చదివినవారము కాము. కళాశాలవారు ఎన్.సి.సి. విభాగానికి, రైఫిలు అభ్యాసానికి తోడుగా ఉండవలసిందని అప్పగించిన బాధ్యత వల్ల, కొన్ని సంవత్సరాలుగా సాయంకాలాలు గురిచూసే విద్యార్థుల వెనుక నిలబడి గడుపుతున్నాము. ఈ మధ్య వారిలో ఒక చర్చ బలంగా సాగుతున్నది. రైఫిలుతోపాటు వచ్చే భాగాలు కాక, విడిగా బజారులో దొరికే సామగ్రి కొన్ని ఉన్నాయి. వెనుకకూ ముందుకూ జరిగే బట్ ప్లేటు, చెంప ఆనించుకొనే చీక్ పీసు, చేతికి బిగించుకొనే స్లింగు, చేతి తొడుగు, బిరుసైన జాకెట్టు మొదలైనవి. వీటిని కొని తగిలించుకోవడం సబబా, కాదా? అవి లేనిదే గురి కుదరదని కొందరి వాదం. అవన్నీ శుద్ధ దండుగ అని మరికొందరి వాదం. మా అభిప్రాయం ముందుగానే చెబుతాము. రైఫిలు మనిషికి అమరడం తప్పనిసరి. ఆ అమరికను డబ్బు పోసి కొనడం మాత్రం చాలామందికి అనవసరం. ఈ రెండు విషయాలనూ కలగాపులగం చేయడమే చిక్కంతటికీ మూలం.

మాటల సంగతి మా వృత్తిధర్మం కనుక ఒక ముచ్చట. తుపాకి అన్న పదం తుర్కీ భాషనుంచి ప్రయాణించి వచ్చి మనలో కలిసిపోయింది. బందూకు అన్నది అరబ్బీ మూలం గలది. ఎన్.సి.సి. శిక్షణలో గురిచూడడాన్ని 'శిస్త్' అంటారు. అది మా ఉర్దూ గదినుంచి వచ్చిన మాటే. ఇన్ని భాషల మాటలు చేరిన ఈ విద్యలో 'అమరిక' అన్న మన తెలుగు మాట తగినంతగా వినిపించకపోవడం మాకు లోటుగా తోస్తున్నది. షేర్వాణీ కుట్టే దర్జీ మెడనుంచి మణికట్టు దాకా టేపు పట్టి కొలవనిదే కత్తెర ముట్టడు. అన్నగారి షేర్వాణీని తమ్ముడికి తొడిగి, అది మోకాళ్ళ కిందికి జారితే, "నీకు నడవడం రాదు" అని ఎవరూ అనరు. రైఫిలు విషయంలో మాత్రం మనం తరచుగా అటువంటి మాటే అంటున్నాము.

"మా కాలంలో ఈ హంగులేవీ లేవు, ఉన్న రైఫిలుతోనే కొట్టాము" అనే పెద్దలకు చరిత్రనుంచే ఒక సమాధానం ఉన్నది. బ్రిటిషు సైన్యమూ, ఆనాటి భారత సైన్యమూ రెండు ప్రపంచయుద్ధాలలో మోసినది లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు. మన దేశంలో ఇషాపూరు కర్మాగారంలోనూ అది తయారైంది. లక్షల సంఖ్యలో ఒకే అచ్చున తయారైన ఆ ఆయుధానికి సైతం వెనుక భుజానికి ఆనే చెక్క భాగం, అంటే మడమ, నాలుగు పొడవులలో ఉండేది. మామూలు పొడవుది ఒకటి. దానికంటే అర అంగుళం పెద్దది ఒకటి. అర అంగుళం చిన్నది ఒకటి. అంగుళం చిన్నది ఇంకొకటి. ఈ చివరిదాని పేరు బాంటమ్. బాంటమ్ అంటే పొట్టి జాతి కోడి. మొదటి ప్రపంచయుద్ధంలో 5 అడుగుల 3 అంగుళాలకు లోపువారితో బ్రిటనులో ఏర్పరచిన దళాలను కూడా ఈ పేరుతోనే పిలిచారు. సిపాయి సౌఖ్యం మీద సైన్యానికి అంత మమకారం ఉండి ఈ ఏర్పాటు చేసిందని మేము అనుకోము. అంగుళం తేడా గురిని పాడుచేస్తుందని అనుభవం మీద తెలిసే చేసి ఉంటుంది.

అంగుళం తేడా ఏమి చేస్తుందో కొంచెం వివరంగా చూద్దాము. రైఫిలు ముఖ్యంగా నాలుగు చోట్ల మనిషిని తాకుతుంది: భుజం, చెంప, ట్రిగ్గరు నొక్కే చేయి, ముందుభాగాన్ని మోసే చేయి. మడమ పొడవెక్కువైతే ట్రిగ్గరును అందుకోవడానికి చేయి చాచవలసి వస్తుంది. చేయి చాచితే భుజం ముందుకు సాగుతుంది; ఆ బరువును సరిచూసుకోవడానికి నడుము వెనుకకు వంగుతుంది; కన్ను వెనుక గురిభాగానికి దూరమవుతుంది. చెంప ఆనే చెక్క పల్లమైతే కన్ను గురిరేఖకు కిందుగా పడుతుంది. అప్పుడు తలను పైకెత్తి, మెడ కండరాల బలంతో ఆపి ఉంచవలసి వస్తుంది. కండరం ఒక గుండుకు ఆపినంత స్థిరంగా పదో గుండుకు ఆపలేదు. ఎముక మోయవలసిన బరువును కండరం మోయడమే ఇక్కడి దోషం. విద్యార్థికి ఈ సంగతి తెలియదు. తన చేయి వణుకుతున్నదని మాత్రమే తెలుసు.

ఈ వణుకు విలువ ఎంతో తెలియాలంటే లక్ష్యాన్ని చూడాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో పది పాయింట్లు ఇచ్చే నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే గుర్తుకంటే గుండే తొమ్మిదింతలు పెద్దది! అటువంటి చుక్కను నిలబడి, 75 నిమిషాల వ్యవధిలో 60 సార్లు కొట్టాలి. మొదటి పది గుళ్ళను పట్టుదల కొడుతుంది; చివరి ఇరవై గుళ్ళను అమరిక కొడుతుంది. కనుక ఏదైనా హంగు పనికివచ్చిందా లేదా అని తేల్చుకోదలచినవారు మొదటి కార్డును కాక చివరి కార్డును చూడాలి.

ఇక మా అనుభవంలోని రెండు సంఘటనలు చెబుతాము. మొదటిది మా తప్పు కనుక ముందు దానినే చెప్పడం న్యాయం.

ద్వితీయ సంవత్సరం చదివే ఒక విద్యార్థిని అభ్యాసానికి వస్తుండేది. మనిషి పొట్టి, సన్నని చేతులు. శ్రద్ధలో ఆమెను మించినవారు లేరు. కాని ఆమె గుళ్ళు కార్డంతటా చెదరిపోయేవి. కళాశాల ఎయిర్ రైఫిలు తనకు పెద్దదిగా ఉన్నదని ఒకనాడు ఆమె అన్నది. మేము వెంటనే మద్దెల సామెత అందుకున్నాము. అందరూ నవ్వారు. మరుసటి వారంనుంచి ఆ అమ్మాయి రావడం మానేసింది. మేము దాన్ని పట్టించుకోలేదు. గురి కుదరనివారు మానుకోవడం మామూలే అనుకున్నాము.

కొన్నాళ్ళకు ఎన్.సి.సి. బెటాలియన్ నుంచి శిక్షణకు వచ్చిన హవల్దారుగారు, "ఊపిరి బాగా నిలిపే అమ్మాయి ఒకతె ఉండాలి, ఏది సార్?" అని అడిగారు. ఆమెను పిలిపించాము. "తప్పు నాదే కదా సార్, మళ్ళీ ఎందుకు?" అన్నది. హవల్దారుగారు ఏమీ మాట్లాడక, ఖాళీ రైఫిలు మడమను ఆమె మడిచిన మోచేతి వంపులో ఆనించి, "ట్రిగ్గరు అందుకో బేటీ" అన్నారు. వేలు అందలేదు. ట్రిగ్గరుకూ వేలి కొసకూ మధ్య అంగుళానికి పైగా ఎడం ఉన్నది. "సార్, ఇది అమ్మాయి లోపం కాదు, చెక్క పొడవు" అన్నారాయన. ఆ అంగుళం ఖాళీని చూస్తూ మేము నిలబడిపోయాము. పుస్తకాల మీద ఎంతో నమ్మకంగా మాట్లాడే మేము ఒక్క కొలత తీసుకోకుండా తీర్పు చెప్పాము.

రైఫిలు కళాశాలదే కనుక ప్రిన్సిపాలుగారి అనుమతి తీసుకొని వడ్రంగిని పిలిపించాము. అతడు మడమ చివర అంగుళంన్నర మేర రెండు బిళ్ళలుగా కోసి, వాటిని పారవేయకుండా రంధ్రాలు వేసి, పొడవాటి మరలతో తిరిగి బిగించుకొనే వీలు కల్పించాడు. పొడగరి విద్యార్థి వస్తే రెండు బిళ్ళలూ ఉంటాయి. పొట్టివారు వస్తే తీసివేస్తాము. చెంప ఆనే చోట వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన మెత్తని తోలు రెండు పొరలుగా పట్టీలతో కట్టి ఇచ్చాడు. వడ్రంగికి 200 రూపాయలు, తోలుకు 60 రూపాయలు అయ్యాయి. బజారులో పెద్ద ధర పెట్టి అమ్మే 'సర్దుబాటు మడమ' చేసే పని కూడా ఇంచుమించు ఇదే.

మొదటిరోజు ఆమె గుళ్ళలో పెద్ద మార్పు కనిపించలేదని కూడా చెప్పాలి. ఆరువారాల తరువాత కార్డులు వరుసగా పరిచి చూస్తే తేడా తెలిసింది. ఆమె చివరి కార్డులు మొదటి కార్డుల లాగానే ఉన్నాయి. అలసట గుర్తు లేదు. ఆ ఏడు అంతర కళాశాల పోటీలకు వెళ్ళిన మా జట్టులో ఆమెకు చోటు దొరికింది. పతకం రాలేదు. సామెత చెప్పిన చోటనే, అందరి ఎదుటా, మేము ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాము.

రెండవ సంఘటన దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. చిన్న కిరాణా కొట్టు నడిపే ఒక తండ్రి, కుమారుడి ఉత్సాహం చూసి, నష్టానికి చీటీ పాడి, ముప్పైవేల రూపాయలకు పైగా వెచ్చించి, దిగుమతి అయిన బట్ ప్లేటు, చీక్ పీసు, ఎవరో వాడి అమ్మిన జాకెట్టు కొనిపెట్టాడు. కుర్రవాడు వాటిని తాను అభ్యాసం చేసే పట్టణ క్లబ్బులోని పోటీ రైఫిలుకు బిగించుకొని మా వద్దకు సగర్వంగా వచ్చి చూపించాడు. వారం రోజులు స్కోరు పెరిగింది. కొత్త వస్తువు వచ్చినప్పుడు శ్రద్ధ పెరుగుతుంది. శ్రద్ధ పెరిగితే స్కోరు పెరుగుతుంది. రెండవ వారానికి పాత స్థితికి వచ్చాడు. నెలకు ఇంకా కొంచెం దిగజారాడు. స్కోరు తగ్గిన ప్రతి సాయంత్రం ఒక మర తిప్పడం, మరునాడు ఇంకొకటి తిప్పడం! తన శరీరం ఏది కోరుతున్నదో, తాను ఏది మార్చాడో అతనికే గుర్తులేకుండా పోయింది.

మళ్ళీ ఆ హవల్దారుగారే వచ్చి, గుండు లేకుండా ట్రిగ్గరు నొక్కే సదుపాయం ఉన్న ఆ రైఫిలును పట్టించి, గొట్టం చివర ఒక రూపాయి బిళ్ళ నిలిపి, నొక్కమన్నారు. బిళ్ళ పడిపోయింది. పదిసార్లు పెడితే ఎనిమిదిసార్లు పడింది. కుర్రవాడి జబ్బు మడమలో లేదు, చెంప చెక్కలో లేదు. ట్రిగ్గరును నొక్కవలసినచోట గుంజుతున్నాడు. అతని చేతుల పొడవుకు క్లబ్బు రైఫిలు మొదటినుంచీ సరిపోయే ఉన్నది. ఆ రాత్రి తండ్రికి ఏమి చెప్పాలో తెలియక ఆ కుర్రవాడు మా ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. వస్తువులు అమ్మినవారిని మేము తప్పుపట్టము. వారు అడిగిన సరుకు ఇచ్చారు. కొనేముందు జబ్బు ఏదో చూడవలసిన బాధ్యత గురువులమైన మాది.

ఈ రెండు కథలూ కలిపి చదివితే తేలేది ఒక్కటే. అమ్మాయికి లోపం రైఫిలులో ఉన్నది. మేము మనిషిలో వెదికాము. అబ్బాయికి లోపం వేలిలో ఉన్నది. అతడు దాన్ని బజారులో వెదికాడు. రోగమేదో తేలకుండా మందు మింగడం ఎంత తప్పో, రోగం కళ్ళెదుట ఉండగా అది సోమరితనమనడం కూడా అంతే తప్పు.

హంగులు అక్కరలేదనేవారు 2024 పారిస్ ఒలింపిక్స్‌లోని ఒక ఛాయాచిత్రాన్ని సాక్ష్యంగా తెస్తున్నారు. తుర్కియే దేశానికి చెందిన యూసుఫ్ దికేచ్, 51 సంవత్సరాల వయస్సులో, మామూలు కళ్ళద్దాలతో, ఒక చేయి జేబులో పెట్టుకొని, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిశ్రమ జట్టు పోటీలో రజతం గెలుచుకున్నాడు. అదే పోటీలో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కాంస్యం తెచ్చారు. ఆ చిత్రం చూసి మేమూ ముచ్చటపడ్డాము. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. అది పిస్టల్; దానికి భుజమూ లేదు, చెంపా లేదు. ఒక చేయి జేబులో పెట్టుకోవడం పిస్టల్ విద్యలో వింత కాదు. ఆయనకది అయిదవ ఒలింపిక్స్. 2008లో బీజింగునుంచి మొదలై సాగిన సాధన అది. ఆయన వదిలివేసినవి తనకు అక్కరలేనివి; అక్కరలేవని తేల్చుకోవడానికి ఆయనకు ఎన్నో సంవత్సరాలు పట్టి ఉంటుంది.

మన రైఫిలు వీరులను చూస్తే చిత్రం వేరుగా ఉంటుంది. 2008లో బీజింగులో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, 2012లో లండనులో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్, 2024లో పారిస్‌లో 50 మీటర్ల రైఫిలులో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే – వీరు పాల్గొన్న పోటీలలో వాడే రైఫిళ్ళకు మడమ, చెంప చెక్క, పిడి అన్నీ మరలతో కదిలేవే. ఆ స్థాయిలో అవి ఆడంబరం కావు. జాకెట్టు కూడా కేవలం వేషం కాదు. నిలబడి కొట్టేటప్పుడు వెనుకకు వంగే నడుముకు అది కాపుదల. అయితే అందుకూ హద్దు ఉన్నది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిలు బరువు 5.5 కిలోగ్రాములకు మించరాదు; జాకెట్టు గుడ్డ ఒక పొర మందం 2.5 మిల్లీమీటర్లకు మించరాదు; బిరుసుతనాన్ని సైతం యంత్రంతో పరీక్షిస్తారు. మనిషిని నిలబెట్టే పని బట్ట చేయకూడదని ఆ నియమం ఉద్దేశం. తొందరపడి కొన్న వస్తువు పోటీ తనిఖీలో నిలవకపోతే డబ్బూ పోతుంది, అవకాశమూ పోతుంది.

కనుక మా విద్యార్థులకు మా సలహాలు కొన్ని. మొదటిది, ఏదీ కొనక ముందు ఖాళీ రైఫిలు ఎత్తి, గురిచూసి, కళ్ళు మూసుకోండి. రెండు మూడు ఊపిరులు తీసుకొని కళ్ళు తెరవండి. గురి ఉన్నచోటనే ఉంటే అమరిక బాగున్నట్లే. పక్కకు పోయి ఉంటే ముందు పాదాలను, నిలిచే తీరును సరిచేయండి. నిలిచే తీరు సరిచేసినా మెడ నొప్పి, చాచిన చేయి తప్పకపోతే అప్పుడే రైఫిలు వైపు చూడండి. రెండవది, ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చిన తేదీ కార్డు వెనుక వ్రాయండి. ఒక్క కార్డు బాగా వచ్చినంత మాత్రాన అది రుజువు కాదు. ఏ మార్పూ చేయకపోయినా గుళ్ళ గుంపు ఒకనాడు కుదురుగా, ఒకనాడు చెదురుగా వస్తుంది. పది కార్డులైనా పక్కపక్కన పెట్టి చూడండి. మూడవది, ఎన్.సి.సి. రైఫిలు ప్రభుత్వ ఆస్తి. దానికి ఒక్క మేకు కూడా కొట్టరాదు. అక్కడ స్లింగు బిగువు, మోచేతుల ఎడం, పడుకొనే కోణం మాత్రమే మన చేతిలో ఉన్నవి. వాటితోనే ఎంతో సాధించవచ్చు.

కళాశాల యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. ఈ హంగులను విద్యార్థి కాక సంస్థ కొనడం న్యాయం. పొడవు మార్చుకొనే మడమ, ఎత్తు మార్చుకొనే చెంప చెక్క గల రైఫిలు ఒక్కటి ఉంటే, ఏటేటా వచ్చే పొట్టివారికీ పొడగరులకూ అదే సరిపోతుంది. ఏ కిరాణా కొట్టు తండ్రీ చీటీ పాడవలసిన అవసరం ఉండదు. గ్రంథాలయంలో నిఘంటువును ప్రతి విద్యార్థీ కొనుక్కోవాలని మనం అనడం లేదు గదా!

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను మేము ఇప్పటికీ తరగతిలో చెబుతున్నాము. అది మంచి సామెతే. అయితే అభ్యాసస్థలంలో దాన్ని వాడేముందు, ఖాళీ రైఫిలు మడమను విద్యార్థి మోచేతి వంపులో ఆనించి, వేలు ట్రిగ్గరుకు అందుతున్నదా లేదా అని చూసుకుంటున్నాము.